మంగు మచ్చల క్రీమ్ ఆపితే ముఖం కందిపోతోంది, మచ్చలు మళ్లీ వస్తున్నాయి: ఏం చేయాలి?

సన్నజాజి (ఒంగోలు), ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా వయస్సు 36 సంవత్సరాలు. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని కావడంతో రోజూ రెండు పూటలా స్కూటీ మీద ఎండలో వెళ్లిరావడం తప్పదు. రెండవ కాన్పు నెలల్లో రెండు బుగ్గల మీద, పై పెదవి మీద గోధుమ రంగు మచ్చలు మొదలయ్యాయి. బిడ్డ పుట్టాక వాటంతట అవే పోతాయని పెద్దవాళ్లు చెప్పారు గాని, పోకపోగా నుదుటి మీదికి కూడా పాకాయి. మా అమ్మగారికీ, పెద్దమ్మకూ కూడా ఈ మంగు ఉంది.

మా వీధిలోని మందుల దుకాణంలో అడిగితే ఒక చిన్న ట్యూబు ఇచ్చారు. రాత్రి పూట రాసుకోగా కొద్ది వారాల్లోనే ముఖం తేటపడింది, ఏం వాడుతున్నారని స్టాఫ్ రూములో అందరూ అడిగారు కూడా. అయితే ఇప్పుడు రెండు మూడు రోజులు రాయకపోతే చాలు, బుగ్గలు ఎర్రగా కందిపోయి మంట పుడుతున్నాయి. చెంపల మీద నూగు పెరిగింది, గడ్డం చుట్టూ సన్నని మొటిమలు లేస్తున్నాయి. మళ్లీ రాస్తే అన్నీ సర్దుకుంటాయి, ఆపితే మళ్లీ మొదలవుతాయి.

నా సందేహాలు ఇవి. మంగు కాలేయం చెడిపోవడం వల్ల వస్తుందని అంటారు, పరీక్ష చేయించుకోవాలా? హైదరాబాదులో ఉన్న మా పిన్ని కూతురు ట్రానెక్సమిక్ ఆసిడ్ మాత్రలు వాడి చాలా బాగుందని చెబుతోంది, నేనూ వాడవచ్చునా? నేను ప్రస్తుతం గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నాను, వేరే మందులేవీ లేవు. ఒక స్కిన్ క్లినిక్ వారు లేజర్ ప్యాకేజీ తీసుకుంటే మచ్చ శాశ్వతంగా పోతుందని అంటున్నారు. మా అత్తగారేమో కుంకుమాది తైలం చాలునంటున్నారు. దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.


ఫార్మసిస్టు (వరంగల్):

సన్నజాజి గారూ, ముందుగా ఆ ట్యూబు తీసి, దాని మీద కంపెనీ పేరు కింద ఉన్న చిన్న అక్షరాలను చదవండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే అందులో హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం అని ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో మంగు మచ్చలకు అమ్ముడుపోయే ట్యూబుల్లో చాలావాటి కూర్పు ఇదే. ఈ మూడింటిలో మొమెటాసోన్ అనేది స్టెరాయిడ్. కొన్నిటిలో దానికి బదులు ఫ్లూసినోలోన్ ఉంటుంది. బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి మరింత ఘాటైనవి ఉన్న తామర క్రీములను కూడా ముఖం తెల్లబడుతుందని రాసుకునేవారు ఉన్నారు.

ట్యూబు మీద ఎర్రని గీత, ఆర్‌ఎక్స్ గుర్తు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఇటువంటి స్టెరాయిడ్ క్రీములకు ఒకప్పుడు చట్టంలో కొంత మినహాయింపు ఉండేది. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడిన తరువాత 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులకు ఆ మినహాయింపును తొలగించి, వాటిని పూర్తిగా షెడ్యూల్ హెచ్, అంటే వైద్యుల చీటీ మీదనే అమ్మవలసిన మందుల జాబితా కిందికి తెచ్చింది. నియమం వచ్చినా కౌంటరు దగ్గర అలవాటు మారలేదన్నది మా వృత్తిలో ఉన్న అందరికీ తెలిసిన సంగతే. ట్యూబు చౌక, ఫలితం త్వరగా కనబడుతుంది, కొన్నవారు మళ్లీ వస్తారు. అందువల్ల అడిగిన వెంటనే చేతిలో పెట్టేవారికి లోటు లేదు.


చర్మవైద్యుడు (విశాఖపట్నం):

పై సమాధానంలో చెప్పినది సరైనది. నేను ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో వారానికి ఇటువంటి ముఖాలు ఎన్నో చూస్తుంటాను కనుక కొంచెం విపులంగా రాస్తున్నాను.

మీకు ఇప్పుడున్నవి రెండు సమస్యలు, వాటిని విడివిడిగా చూడాలి. మొదటిది మంగు, అంటే మెలాస్మా. రెండవది ఆ క్రీమ్ తెచ్చిపెట్టిన చర్మనష్టం. ఆపితే ఎర్రబడటం, మంట, నూగు, సన్నని మొటిమలు, మళ్లీ రాస్తే ఉపశమనం కలగడం, ఇవన్నీ ముఖం స్టెరాయిడ్‌కు అలవాటుపడిందనడానికి గుర్తులు. స్టెరాయిడ్ రాస్తున్నంత కాలం చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, ఆపగానే అవి ఒక్కసారిగా విచ్చుకోవడం వల్ల ముఖం కందిపోతుంది. ఎక్కువ కాలం వాడితే చర్మం పలచబడి, బుగ్గల మీద ఎర్రని నూలుపోగుల వంటి రక్తనాళాలు శాశ్వతంగా బయటికి కనిపిస్తాయి. అందువల్ల ముందు సరిచేయవలసింది రెండవ సమస్యనే. మచ్చ కొంతకాలం ఆగినా నష్టం లేదు.

ఆ క్రీమ్ కూర్పు మోసమేమీ కాదన్నది కూడా చెప్పాలి. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికా వైద్యులు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడింటినీ కలిపి ఈ పద్ధతిని ప్రచురించారు, ఈనాటికీ మంగుకు బాగా పనిచేసే పూతమందుల్లో ఇది ముందు వరుసలోనే ఉంది. హైడ్రోక్వినోన్ రంగు తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. ట్రెటినాయిన్ పైపొర కణాలు త్వరగా రాలిపోయేలా చేసి, వాటితోపాటు పేరుకున్న రంగును దించుతుంది. ఈ రెండింటి వల్ల కలిగే మంటను స్టెరాయిడ్ అణచి ఉంచుతుంది. కాబట్టి వైద్యుల పర్యవేక్షణలో, రాత్రి పూట, మచ్చ ఉన్నంత మేరకే, సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు మాత్రమే రాసి ఆపవలసిన మందు ఇది. దానిని ముఖమంతా పూసుకుని, నెలల తరబడి కోల్డ్ క్రీములాగా వాడటం దగ్గరే చిక్కంతా వస్తోంది. హైడ్రోక్వినోన్‌ను ఏళ్ల తరబడి రాసుకుంటే పోగొట్టుకోవాలనుకున్న మచ్చ మీదనే నీలి నలుపు రంగు మరొకటి ఏర్పడుతుంది, దానిని ఓక్రనోసిస్ అంటారు. అది వచ్చాక పోగొట్టడం మాకు కూడా చాలా కష్టం.

ఇక మీరు అడిగినవి. కాలేయానికీ మంగుకూ సంబంధం లేదు, దాని కోసం రక్తపరీక్షలు అక్కరలేదు. ఎండ, వంశపారంపర్యం, స్త్రీ హార్మోన్లు ఈ మూడూ కలిసినచోట మంగు పుడుతుంది, మీ విషయంలో మూడూ ఉన్నాయి. గర్భంతో వచ్చిన మంగు కొందరిలో కాన్పు తరువాత కొద్ది నెలల్లో దానంతట అదే పలచబడే మాట నిజమే. కాని గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్ గర్భంలోని హార్మోన్లు చేసిన పనినే కొనసాగిస్తుంది. కనుక కాపర్ టీ వంటి హార్మోన్లు లేని పద్ధతికి మారవచ్చునేమో మీ స్త్రీవైద్యురాలిని అడగండి. ఆమెతో మాట్లాడకుండా మాత్రలు మధ్యలో ఆపవద్దు.

ట్రానెక్సమిక్ ఆసిడ్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఇప్పుడున్న పరిస్థితిలో మీరు ఆ మాత్రలు వేసుకోకూడదు. అది అధిక రుతుస్రావాన్ని ఆపడానికి వాడే మందు, అంటే రక్తంలో ఏర్పడిన గడ్డ కరగకుండా నిలుపుతుంది. మంగుకు తక్కువ మోతాదులో, 250 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, కొన్ని నెలలపాటు ఇస్తాము, చాలామందిలో ఫలితం కూడా బాగుంటుంది. అయితే ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచేవే. రెండూ కలిస్తే కాలి సిరల్లో గడ్డ ఏర్పడి, అది ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంటుంది. మీ చెల్లెలికి పనికివచ్చిందన్న కారణంతో మీరు మొదలుపెట్టవలసిన మందు కాదు. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పక్షవాతం, గుండెపోటు, కాళ్లలో రక్తపు గడ్డలు వచ్చి ఉంటే వైద్యులు అడగకపోయినా ఆ సంగతి మీరే చెప్పాలి.

ప్రస్తుతానికి ఆ ట్యూబుతో నేరుగా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్‌ను ఒకేసారి ఆపించాలా, తక్కువ ఘాటు దానికి మార్చి మెల్లగా తగ్గించాలా అన్నది ముఖం చూసి నిర్ణయించవలసిన విషయం. ఈలోగా సువాసన లేని మాయిశ్చరైజరు, మంట పుట్టినప్పుడు చల్లని నీటిలో తడిపిన మెత్తని గుడ్డ, ఈ రెండే చాలు. విటమిన్ సి సీరం, స్క్రబ్, బ్లీచ్, ఫేషియల్ ఏవీ వద్దు.


తులసికోట (రాజమహేంద్రవరం):

అమ్మా సన్నజాజీ, డాక్టరు గారు మందుల సంగతి చెప్పారు గనుక నేను వంటింటి సంగతి చెబుతాను. మా తరంలో మంగు అంటే జాజికాయ అరగదీసి పాలతో రాయడం, నిమ్మచెక్కతో రుద్దడం, బంగాళాదుంప రసం, శనగపిండిలో పసుపు, ఇవే వైద్యాలు. వీటిలో శనగపిండి, మీగడ వంటివి మచ్చను తగ్గించకపోయినా కీడు చేయవు. నిమ్మరసం మాత్రం ఎవరు చెప్పినా వినవద్దు. మా తోటికోడలు నిమ్మచెక్కతో రుద్దుకుని పెరట్లో వడియాలు పెట్టడానికి కూర్చుంది. మరునాటికి రసం కారినంత మేర చెంప మీద చారలుగా పొక్కి, ఆ చారలు నల్లబడి ఎంతో కాలం ఉన్నాయి. నిమ్మ తొక్కలో ఉండే పదార్థానికి ఎండ తగిలితే చర్మం కాలినట్లు పొక్కుతుందని తరువాత వైద్యులు వివరించారు.

కుంకుమాది తైలం మీ అత్తగారు ఇస్తే కాదని మనసు నొప్పించనవసరం లేదు గాని, ముఖం కందిపోయి ఉన్న ఈ సమయంలో ఏ నూనె అయినా మొటిమలను పెంచవచ్చు. చర్మం కుదుటపడ్డాక చూడవచ్చునని చెప్పండి.

ఇంకొక మాట. వేడి కూడా మంగును పెంచుతుంది. వేసవిలో వంటగదిలో పొయ్యి ఎదుట గంటల తరబడి నిలబడితే నా ముఖం మీది మచ్చ ముదిరేది, వానకాలానికి పలచబడేది. సన్‌స్క్రీన్ అంటూ ఇప్పటివాళ్లు వేలు ఖర్చుపెడుతున్నారు. గొడుగు, తలమీద కొంగు ఏ పూతకూ తీసిపోవని నా అభిప్రాయం. నాకు నెలసరి ఆగిపోయిన తరువాత మంగు చాలావరకు తనంతట తానే వెనక్కి తగ్గింది.


టెక్సాస్ తెలుగు:

తులసికోట గారి గొడుగు మాటతో ఏకీభవిస్తూనే, సన్‌స్క్రీన్ విషయంలో మాత్రం విభేదిస్తున్నాను. స్కూటీ మీద గొడుగు పట్టలేరు. అద్దం ఉన్న కారులో కూర్చున్నా, కిటికీ పక్కన పాఠం చెప్పినా ఎండలోని యూవీఏ అనే అతినీలలోహిత కిరణాలు గాజు గుండా లోపలికి వస్తూనే ఉంటాయి. నాకు కూడా మంగు ఉంది, ఇక్కడి వైద్యురాలు మొదటి రోజునే చెప్పినదేమిటంటే, సన్‌స్క్రీన్ లేకుండా ఏ మందు రాసినా పగలు పెరిగేదానిని రాత్రి చెరపడానికి ప్రయత్నించడమే అవుతుందని.

అయితే అందులోనూ ఒక మెలిక ఉంది. సాధారణంగా దొరికే తెల్లని సన్‌స్క్రీన్లు యూవీ కిరణాలను ఆపుతాయి గాని, కంటికి కనిపించే వెలుతురును ఆపవు. మనవంటి చామనఛాయ చర్మానికి ఎండలోని ఆ వెలుతురు, ముఖ్యంగా నీలి కాంతి, మచ్చలను ముదరబెడుతుంది. దానిని అడ్డుకునేది ఐరన్ ఆక్సైడ్. అందువల్ల లేత గోధుమరంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ తీసుకుని, పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్ ఉందో లేదో చూసుకోవాలి. ఎస్‌పీఎఫ్ 30 గాని 50 గాని చాలు, రెండింటికీ మధ్య తేడా మనం అనుకునేంత లేదు. ఎంత రాస్తున్నామన్నదే అసలు సంగతి. చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా గీత గీసినట్లు పిండితే ఎంత వస్తుందో అంత ముఖానికి, మెడకు కావాలి. మనలో చాలామంది శనగగింజంత రాసి పనిచేయలేదంటారు. బయట ఉన్నప్పుడు రెండు గంటలకు ఒకసారి మళ్లీ రాయాలి. ఫోను తెర వెలుతురుకు మచ్చలు వస్తాయని భయపెట్టే ప్రకటనలను మాత్రం పట్టించుకోనవసరం లేదు, ఎండతో పోలిస్తే ఆ వెలుతురు లెక్కలోకి రాదు.

ఈ దేశంలో హైడ్రోక్వినోన్ 2 శాతం క్రీములు ఒకప్పుడు సూపర్ మార్కెట్‌లోనే దొరికేవి. 2020లో చట్టం మారాక చీటీ లేకుండా అమ్మకం ఆగిపోయింది. దానితో ఇక్కడి మనవాళ్లు కొందరు ఊరి నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో ఆవకాయతోపాటు ఇవే ట్యూబులు తెప్పించుకుంటున్నారు. సన్నజాజి గారి అనుభవం వారికి కూడా చదివి వినిపించాలి.


సన్నజాజి (ఒంగోలు):

అందరికీ కృతజ్ఞతలు. ట్యూబు చూశాను. మొమెటాసోన్ ఉంది, ఎర్ర గీత కూడా ఉంది. వైద్యుల దగ్గరికి ఈ వారమే వెళుతున్నాను. లేజర్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. అలాగే, మా సహోపాధ్యాయురాలు ఒకరు స్టెరాయిడ్ లేదంటూ పేరు, చిరునామా లేని డబ్బాలో ఒక తెల్లని క్రీమ్ ఇచ్చారు. ఆమెకు నుదుటి పక్కల, మెడ మీద కూడా బూడిద రంగు నలుపు ఉంది. అదీ మంగేనా?


చర్మవైద్యుడు (విశాఖపట్నం):

ముందుగా ఆ డబ్బా సంగతి. పదార్థాల జాబితా, తయారీదారు చిరునామా లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదం ఉంది. పాదరసం కూడా టైరోసినేజ్‌ను అడ్డుకునేదే, అందుకే ముఖం త్వరగా తెల్లబడుతుంది. కాని అది చర్మం గుండా రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రంలో ప్రోటీను పోతూ ఆసుపత్రికి వచ్చినవారిని వైద్యులు ఆరా తీయగా, వారిలో పలువురు ఇటువంటి క్రీములు వాడుతున్నట్లు తేలింది. సౌందర్య సాధనాల్లో పాదరసం కలపడాన్ని మన దేశపు నియమాలు నిషేధించాయి. ఆమె ఇప్పటికే వాడుతూ ఉండి, కాళ్ల వాపు గాని, మూత్రంలో నురుగు గాని ఉంటే మూత్రపరీక్ష చేయించుకోమనండి.

నుదుటి పక్కలా మెడ మీదా బూడిద నలుపు అంటే మంగు కాకపోవచ్చు. జుట్టుకు వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం, కుంకుమలో కలిపే రంగులు, అత్తరు వాసనలు సరిపడక దురద కూడా లేకుండా చర్మం నెమ్మదిగా నల్లబడే జబ్బు ఒకటి ఉంది. లైకెన్ ప్లానస్ అనే జబ్బులోనూ ఇటువంటి రంగే వస్తుంది. మెడ వెనుక నలుపు మందంగా, వెల్వెట్ గుడ్డలాగా ఉంటే అది ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు, అప్పుడు చూడవలసింది రక్తంలో చక్కెర, బరువు. వీటిలో దేనికీ మంగు క్రీమ్ పనికిరాదు. మొదటిదానికైతే కారణమైన వస్తువును మానకుండా ఏది రాసినా వృథా.

లేజర్ విషయానికి వస్తే, శాశ్వతంగా పోతుందని హామీ ఇచ్చేచోట డబ్బు కట్టవద్దు. మంగును అదుపులో ఉంచగలం గాని, మళ్లీ రాకుండా తీసివేసే సాధనం ఇప్పటివరకు లేదు. మంగుకు ఎక్కువగా వాడేది 1064 నానోమీటర్ల క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ లేజర్. తక్కువ శక్తితో విడతలుగా చేస్తే మచ్చ పలచబడుతుంది, కాని ఆపిన కొద్ది నెలల్లో చాలామందికి తిరిగి వస్తుంది. శక్తి ఎక్కువైతే మన రంగు చర్మంలో ఆ వేడికి మచ్చ ముందుకన్నా నల్లబడవచ్చు, లేదా బియ్యపు గింజలు చల్లినట్లు తెల్లని చుక్కలు పడవచ్చు. స్టెరాయిడ్‌తో పలచబడిన ముఖం మీద ఇప్పుడు లేజర్ చేయించుకోవడం అసలే తగదు. పూతమందులు, సన్‌స్క్రీన్ సక్రమంగా వాడినా ఫలితం రానప్పుడు, అనుభవం ఉన్న చర్మవైద్యుల చేతి మీదుగా ఆలోచించవలసిన చివరి మార్గం అది.

మీ చర్మం కోలుకోవడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పట్టవచ్చు, ఆ సమయంలో మచ్చ కాస్త ముదిరినట్లు కనిపిస్తుంది, కంగారుపడి మళ్లీ ట్యూబు తీయవద్దు. ఆ తరువాత మీ వైద్యులు వుడ్స్ ల్యాంపు అనే అతినీలలోహిత దీపంతో చూసి రంగు పైపొరలో ఉందో, లోతున ఉందో కొంతవరకు అంచనా వేస్తారు. పైపొరలోది త్వరగా స్పందిస్తుంది, లోతున ఉన్నదానికి ఓపిక కావాలి. అప్పుడు స్టెరాయిడ్ లేని అజెలాయిక్ ఆసిడ్ 20 శాతం క్రీమ్ గురించి అడగండి. తొలి రోజుల్లో కాస్త చురుక్కుమన్నా చాలామందికి సరిపడుతుంది. మూడవ బిడ్డ ఆలోచన ఉంటే ముందే చెప్పండి, ఎందుకంటే గర్భిణులకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ ఇవ్వము, అజెలాయిక్ ఆసిడ్ ఇవ్వవచ్చును. ఏ మందు మొదలుపెట్టినా తేడా కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో నెలకొక ఫొటో తీసుకుని చూపిస్తే మందు మార్చాలో, కొనసాగించాలో నిర్ణయించడం వారికి సులువవుతుంది. వెళ్లేటప్పుడు ట్యూబుతోపాటు గర్భనిరోధక మాత్రల షీటును కూడా తీసుకువెళ్లండి.